మందు ముందా, కల్చర్ ముందా?

గుంటూరు కొత్తపేటలో ఏ సందులోకి తిరిగినా ఒక ఆస్పత్రి, దాని పక్కనే మందుల షాపులు, పై అంతస్తులో ఒక ల్యాబు కనిపిస్తాయి. బెజవాడ సూర్యారావుపేట కూడా అంతే. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి, కృష్ణా నది లంక ఊళ్ల నుంచి జనం పొద్దున్నే బస్సు దిగి వచ్చేది ఇక్కడికే. ఇంత వైద్యం అందుబాటులో ఉన్న చోట కూడా, జ్వరంతో వచ్చిన మనిషి ఒంట్లో ఏ బాక్టీరియా ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలుసుకోకుండానే యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ నడిచిపోతోంది. నేను మైక్రోబయాలజీ చదువుకుని ఇక్కడే ఒక ల్యాబులో కల్చర్ సెక్షన్, అంటే రోగి సాంపిల్‌లోని బాక్టీరియాను పెంచి చూసే విభాగం, చూస్తున్నాను. చాలాకాలంగా మనసులో ఉన్న మాట ఇప్పుడైనా రాయాలనిపించింది.

మందులకు లొంగని బాక్టీరియా గురించి పేపర్లో, టీవీలో ఎప్పుడు వచ్చినా వినిపించేవి రెండే మాటలు. డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనకండి, కొన్నాక కోర్సు మొత్తం వాడండి. రెండూ రోగికి చెప్పే బుద్ధులే. చీటీ రాసే చోట ఏం జరుగుతోందో ఎవరూ అడగరు. నా ఉద్దేశంలో అసలు నిర్ణయం మొదటి మాత్ర నోట్లో పడకముందే జరిగిపోతుంది. సాంపిల్ తీసి ల్యాబుకి పంపారా, లేదా? ఆ ఒక్క పని గాలికి వదిలేసి మిగతావి ఎన్ని చేసినా పెద్దగా ఫలితం ఉండదు.

ముఖ్యంగా గ్రామ్ నెగటివ్ బాక్టీరియా విషయంలో. ఈ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడు. 1884లో బెర్లిన్‌లో పనిచేస్తున్న డెన్మార్క్ డాక్టరు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్, న్యుమోనియాతో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల్లో బాక్టీరియాను స్పష్టంగా చూడడానికి ఒక రంగుల పద్ధతి కనిపెట్టాడు. ఈ రోజుకీ మా పని మొదలయ్యేది దానితోనే. గాజు స్లైడు మీద సాంపిల్ పల్చగా పూసి, ఆరనిచ్చి, మంట మీద ఒకసారి అటూ ఇటూ ఆడిస్తాం. దాని మీద ఊదా రంగు క్రిస్టల్ వయొలెట్, ఆపైన అయోడిన్ పోస్తాం. తర్వాత ఆల్కహాల్‌తో కడుగుతాం. తేడా తెలిసేది ఇక్కడే. గోడ మందంగా ఉన్న బాక్టీరియా ఊదా రంగును వదలవు. గోడ పల్చగా ఉండి, దాని మీద ఇంకో పొర ఉన్నవి వదిలేస్తాయి. చివర్లో పోసే శాఫ్రనిన్ అనే రంగు పట్టుకుని మైక్రోస్కోపు కింద గులాబీ రంగులో కనబడతాయి. అవే గ్రామ్ నెగటివ్. పది నిమిషాల్లో అయిపోయే పని, ఖర్చూ తక్కువే. అయినా ఫారంలో 'గ్రామ్ స్టెయిన్' అని రాసి పంపే డాక్టర్లు చాలా కొద్దిమంది.

ఈ-కొలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, ఎసినెటోబాక్టర్ అన్నీ ఈ గులాబీ రంగు జాతే. యూరిన్ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం వీటి వల్లే వస్తాయి. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు వచ్చే న్యుమోనియాలోనూ ఎక్కువగా కనిపించేవి ఇవే. ఆ పైపొర వీటికి పెద్ద అండ. వాంకోమైసిన్ లాంటి పెద్ద అణువు ఆ పొరను దాటి లోపలికి రాలేదు. పొరలో ఉండే సన్నటి రంధ్రాల గుండా రాగలిగిన మందులకు కూడా ఇబ్బందులే. బాక్టీరియా ఆ రంధ్రాలను తగ్గించేసుకుంటుంది. లోపలికి వచ్చినదాన్ని పంపులతో బయటికి తోసేస్తుంది. అదీ కాకపోతే బీటా లాక్టమేజ్ అనే ఎంజైములతో మందునే విరగ్గొడుతుంది. పైగా ఆ పొరలో ఉండే లైపోపాలీసాకరైడ్ రక్తంలోకి చేరితే మన ఒళ్లు దానికి విపరీతంగా స్పందించి బీపీ పడిపోతుంది, అవయవాలు ఒకటొకటిగా దెబ్బతింటాయి. సెప్టిక్ షాక్ అని డాక్టర్లు చెప్పేది దీన్నే.

ఇంకో సంగతి నన్ను ఎక్కువగా భయపెడుతుంది. ఒక మందును ఎలా విరగ్గొట్టాలో తెలిసిన బాక్టీరియా, ఆ జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద పెట్టి పక్కదానికి ఇచ్చేస్తుంది. పరీక్ష హాల్లో చీటీ చేతులు మారినట్టే. పక్కది తన జాతిదే కానక్కర్లేదు. ఈ-కొలై దగ్గర ఉన్నది క్లెబ్సియెల్లాకు చేరవచ్చు. మన పేగుల్లో ఇవన్నీ కలిసే ఉంటాయి. అవసరం లేని యాంటీబయాటిక్ వేసుకున్న ప్రతిసారీ అక్కడ లొంగేవి చచ్చి, లొంగనివి మిగులుతాయి.

కిందటి ఎండాకాలంలో ఒకామె మా ల్యాబుకు వచ్చింది. మిర్చి కోల్డ్ స్టోరేజీ దగ్గర తొడిమలు తీసే పనికి వెళ్తుంది. నలభై దాటి ఉంటాయి. వేళ్ల చివర్లు మిరపకాయ ఘాటుకు కందిపోయి ఉన్నాయి. క్యారీబ్యాగులో ఖాళీ స్ట్రిప్పులన్నీ దాచి తెచ్చుకుంది. ఆఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్, మళ్లీ ఆఫ్లాక్సాసిన్. ఆ మధ్యలో ఆర్ఎంపీ దగ్గర చేయించుకున్న సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు.

"వేసుకున్నప్పుడు తగ్గుతాది మేడం. పది రోజులకి మళ్లీ మంట, చలిజొరం."

"నీళ్లు బాగా తాగుతున్నారా అక్కా?"

"పనికాడ తాగను. ఆడోళ్లం పోవడానికి చోటు లేదక్కడ. పొద్దున పోతే మళ్లీ సాయంత్రం ఇంటికొచ్చాకే."

ఆమెకు డబ్బా ఇచ్చి, మొదట కొంచెం వదిలేసి మధ్యలో వచ్చేది పట్టాలని చెప్పాను. లూపుతో కొలిచినంత మూత్రం తీసి, బాక్టీరియాను పెంచే మెకాంకీ ప్లేటు మీద గీసి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టాం. మర్నాడు పొద్దున మూత తీస్తే ప్లేటంతా చదునుగా గులాబీ రంగు మచ్చలు. ఈ-కొలై. అందులోంచి ఒక మచ్చ తీసి ఇంకో ప్లేటు మీద పరిచి, పైన మందు బిళ్లలు అమర్చాం. కాగితంతో చేసిన గుండ్రటి చిన్న బిళ్లలు, ఒక్కోదానిలో ఒక్కో యాంటీబయాటిక్. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ వలయం వస్తుంది. దాన్ని స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తాం. ఆ ప్లేటు మీద ఆఫ్లాక్సాసిన్ బిళ్లను ఆనుకునే బాక్టీరియా పెరిగింది. సెఫ్ట్రియాక్సోన్ దగ్గరా అంతే. సెఫ్టాజిడిమ్ బిళ్ల చుట్టూ వలయం చిన్నది. దానికే, బీటా లాక్టమేజ్‌ను అడ్డుకునే క్లావులానిక్ యాసిడ్ కలిపిన బిళ్ల చుట్టూ మాత్రం 5 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ పెద్దదైంది. అంటే సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్లను విరగ్గొట్టే ఈఎస్‌బీఎల్ ఎంజైము ఉందన్నమాట. ఇంతకాలం ఆమె మింగినవీ, పొడిపించుకున్నవీ ఆ బాక్టీరియాను పూర్తిగా వదిలించలేకపోయాయి. అదే ప్లేటులో నైట్రోఫ్యూరాంటోయిన్ బిళ్ల చుట్టూ మాత్రం పెద్ద ఖాళీ వలయం ఉంది.

నైట్రోఫ్యూరాంటోయిన్ 1950ల నాటి పాత మందు. కిడ్నీ దాకా పాకిన ఇన్ఫెక్షన్‌కు, రక్తంలోకి ఎక్కినదానికి పనికిరాదు. మూత్రాశయం వరకే ఉంటే బాగా పనిచేస్తుంది. రిపోర్టు చూసి, స్కానింగ్‌లో కిడ్నీలు బాగానే ఉన్నాయని నిర్ధారించుకుని డాక్టరు గారు అదే రాశారు. తగ్గింది. ఆ రిపోర్టు లేకపోతే తర్వాతి మెట్టు ఏమిటో నాకు తెలుసు. ఆస్పత్రిలో చేర్చుకుని మెరోపెనెం అనే బలమైన మందు ఎక్కిస్తారు. ఆమె కూలి డబ్బులు ఎన్ని వారాలవి దానికి సరిపోతాయి? తగ్గినా పేగుల్లో ఇంకాస్త మొండి బాక్టీరియా పోగయ్యేది. (ఆడవాళ్లు పనిచేసే చోట మరుగుదొడ్డి కట్టించడం కూడా యాంటీబయాటిక్ పొదుపే. ఆరోగ్య శాఖ మీటింగుల్లో ఈ మాట ఎవరైనా ఎత్తితే బాగుండును.)

"కల్చర్‌కి రెండు రోజులు పడుతుంది, సీరియస్ కేసు అంతసేపు ఆగుతుందా?" అని డాక్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆగదు, ఆగకూడదు కూడా. సెప్టిక్ షాక్‌లో ఉన్నవాళ్లకు మొదటి గంటలోనే యాంటీబయాటిక్ పడాలని ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. నేను అడిగేది ఆ గంటలో మందుకు ముందు ఐదు నిమిషాలు. రెండు చేతుల నుంచి బ్లడ్ కల్చర్ సీసాల్లోకి రక్తం తీసి, ఆ వెంటనే మందు మొదలుపెట్టండి. రిపోర్టు వచ్చాక అవసరమైతే మార్చండి, తగ్గించండి. వరస తిరగబడితే మొదటికే మోసం వస్తుంది.

బెజవాడలో ఒక ఆస్పత్రిలో మా పెదనాన్న గారి విషయంలో ఇదే జరిగింది. కాథెటర్ గొట్టం పెట్టాక చలిజ్వరం వచ్చింది. రాగానే మెరోపెనెం మొదలుపెట్టారు. రెండో రోజు సాయంత్రం కల్చర్‌కి పంపారు. మందు అప్పటికే పడింది కాబట్టి రిపోర్టులో 'నో గ్రోత్' అని వచ్చింది. జ్వరం మాత్రం తగ్గలేదు. ఏం పెరగలేదన్న కాగితం చేతిలో పెట్టుకుని, దేనితో పోరాడుతున్నారో తెలియకుండానే కొలిస్టిన్ కలిపారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది. బిల్లు తడిసి మోపెడైంది. ఆయన బతికి బయటపడ్డారు. దేని నుంచి బయటపడ్డారో ఇప్పటికీ మాకు తెలియదు. మొదటి ఇంజెక్షన్‌కు ముందు సీసాలో రక్తం తీసి ఉంటే తెలిసేది.

కొలిస్టిన్ చరిత్ర చూస్తే మనం ఎక్కడి దాకా వచ్చామో అర్థమవుతుంది. 1950ల చివర్లో వాడకంలోకి వచ్చి, కిడ్నీలను దెబ్బతీస్తోందని 1970ల నాటికి చాలాచోట్ల పక్కన పెట్టేసిన మందు అది. ఇంకేదీ పనిచేయని గ్రామ్ నెగటివ్‌ల కోసం మళ్లీ బయటికి తీశారు. ఈలోగా అదే మందును కోళ్ల దాణాలో బరువు పెరగడానికి కలుపుతూ వచ్చారు. కొలిస్టిన్‌ను ఎదుర్కొనే ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీద తిరుగుతోందని 2015లో చైనా నుంచి తెలిసింది. మన దేశంలో పశువులకు, కోళ్లకు, చేపలకు దాన్ని వాడకుండా 2019 జులైలో నిషేధించారు. కోళ్ల ఫారాలు, రొయ్యల చెరువులు ఇంత దట్టంగా ఉన్న మన జిల్లాల్లో ఆ నిషేధం కాగితం మీదే ఉండిపోకూడదు. ల్యాబు వైపు నుంచి ఒక మాట: కొలిస్టిన్ ప్లేటులోని అగర్ జెల్లీలో సరిగ్గా పాకదు కాబట్టి, బిళ్ల పెట్టి చూసే పద్ధతి దానికి నమ్మదగింది కాదు. ద్రవంలో పలచన చేస్తూ చూసే పద్ధతే కావాలి. బిళ్లతో చూసి 'సెన్సిటివ్' (లొంగుతుంది) అని రాసిన రిపోర్టు మీ చేతికి వస్తే ఆ ల్యాబును ప్రశ్నించండి.

అంకెలు కావాలంటే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఏటా ఇచ్చే నివేదికలు ఉన్నాయి. క్లెబ్సియెల్లాలో ఇమిపెనెంకు లొంగేవి 2017లో నూటికి 58 దాకా ఉండగా 2023కి 35 దాకా పడిపోయాయి. ఈ-కొలైలో 81 నుంచి 62కి వచ్చాయి. ఇమిపెనెం మామూలుగా మనం ఆఖర్న తీసే మందుల్లో ఒకటి. ఈ అంకెలు చూసి నాకు నిద్ర పట్టని రాత్రులు ఉన్నాయి. అయినా ఒక జాగ్రత్త చెప్పాలి. ఇవి ఎక్కువగా పెద్ద ఆస్పత్రుల నుంచి, అప్పటికే చాలా మందులు వాడి వచ్చిన రోగుల నుంచి వచ్చిన అంకెలు. వీటిని చూపించి, తొడిమలు తీసే ఆమెకు కూడా మొదటి రోజే ఇమిపెనెం కుటుంబపు (కార్బపెనెం) మందు రాయడం అన్యాయం. గుంటూరు బ్రాడీపేటలో క్లినిక్ పెట్టుకున్న డాక్టరుకు కావాల్సింది బ్రాడీపేట మూత్రాల్లో ఏముందో చెప్పే అంకె. ఆ అంకె మా లాంటి ల్యాబుల రిజిస్టర్లలో పడి ఉంది. ఎవరూ ఒకచోట చేర్చరు.

కల్చర్ లేకపోతే ఎంత ప్రమాదమో తురకపాలెం తర్వాత మా గుంటూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2025లో ఊరి పక్కనే ఉన్న ఆ పల్లెలో కొద్ది నెలల్లోనే వరసగా మనుషులు పోయారు. సెప్టెంబరులో మెలియోయిడోసిస్ అనుమానంతో వైద్య శిబిరాలు పెట్టి, రక్త నమూనాలు తీసి కల్చర్‌కు పంపారు. ఆ రోజుల్లో మా ల్యాబులో ఫోను మోగని గంట లేదు. జ్వరం ఉన్న ప్రతివాళ్లకూ టెన్షనే.

మెలియోయిడోసిస్‌ను తెచ్చే బర్కోల్డేరియా సూడోమాలై కూడా గ్రామ్ నెగటివే. తడి మట్టిలో, నిలవ నీటిలో ఉంటుంది. వానాకాలంలో పొలం పనిచేసేవాళ్లకు కాలి పగుళ్ల గుండా, చిన్న గాయాల గుండా ఎక్కుతుంది. షుగరు ఉన్నవాళ్లకు, మద్యం ఎక్కువగా తాగేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. దీన్ని మొదట గుర్తించింది మన తాతల కాలంలో ఇక్కడి జనం కూలికి ఓడెక్కి వెళ్లిన రంగూన్‌లో. అక్కడ విట్మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు డాక్టర్లు 1912లో దీని గురించి ప్రచురించారు. నూరేళ్లు దాటినా ఈ జబ్బు మన దగ్గర టీబీగానో, టైఫాయిడ్‌గానో, మామూలు న్యుమోనియాగానో చలామణీ అవుతోంది. కల్చర్ చేసిన చోట కూడా తెలియని ల్యాబు 'సూడోమోనాస్' అని రాసి పంపేస్తుంది.

తేడా తెలియకపోతే కొంప మునుగుతుంది. దీని మీద జెంటమైసిన్ సాధారణంగా పనిచేయదు, కొలిస్టిన్ పనిచేయదు. జ్వరం అనగానే మన దగ్గర ఎక్కించే సెఫ్ట్రియాక్సోన్‌ను దీనికి నమ్ముకోలేం. సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెం గానీ కనీసం 10 నుంచి 14 రోజులు నరంలో ఎక్కించాలి. ఆ తర్వాత కోట్రైమాక్సజోల్ మాత్రలు మూడు నెలలు. వారం రోజుల్లో జ్వరం తగ్గిందని ఇంటికి పంపేస్తే తిరగబెడుతుంది. ఇంత తేడా ఉన్న వైద్యాన్ని బాక్టీరియా పేరు తెలియకుండా ఎవరు మొదలుపెట్టగలరు?

కోర్సు గురించి కూడా ఒక మాట. ఎన్ని రోజులు అన్నది జబ్బును బట్టి మారుతుంది. మెలియోయిడోసిస్‌కు నెలలు కావాలి. చాలా రకాల రక్త ఇన్ఫెక్షన్లకు మాత్రం 14 రోజులకు బదులు 7 రోజులు వాడినా ఫలితం తగ్గదని 2024లో వచ్చిన బ్యాలెన్స్ ట్రయల్ చూపించింది. అంటే కోర్సు ఎంతో నిర్ణయించడానికి కూడా ముందు లోపల ఏముందో తెలియాలి. రోగి తనంతట తాను ఆపేయడం వేరు, డాక్టరు తెలిసి ఆపడం వేరు.

కొత్త మందులు వస్తాయి కదా అని కొందరు ధైర్యం చెబుతారు. రావాలనే కోరుకుంటాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకు నాయకత్వం వహించిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీలోనే 1948లో మొదటి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. గ్రామ్ పాజిటివ్, నెగటివ్ రెండింటి మీదా పనిచేసింది. ఆ గర్వం నాకూ ఉంది. కానీ గ్రామ్ నెగటివ్‌ల మీద పనిచేసే పూర్తిగా కొత్త కుటుంబం 1962లో నాలిడిక్సిక్ యాసిడ్‌తో మొదలైన క్వినొలోన్ల తర్వాత దశాబ్దాల పాటు దాదాపుగా వాడకంలోకి రాలేదు. ఎసినెటోబాక్టర్ తన పైపొరకు లైపోపాలీసాకరైడ్ చేరవేసే దారినే మూసేసే జోసురాబల్పిన్ అనే కొత్త మందు గురించి 2024లో నేచర్ పత్రికలో చదివినప్పుడు చాలా సంతోషం వేసింది. అది ఇంకా రోగి దాకా రావాలి.

ఇప్పటికే మార్కెట్లో ఉన్న కొత్తవాటికి కూడా కల్చరే దిక్కు. సెఫ్టాజిడిమ్-అవిబాక్టం, కార్బపెనెంలను విరగ్గొట్టే ఓఎక్స్ఏ-48 ఎంజైము ఉన్న క్లెబ్సియెల్లా మీద పనిచేస్తుంది. ఎన్‌డీఎం (న్యూఢిల్లీ మెటలో బీటా లాక్టమేజ్) అనే ఎంజైము ఉంటే పనిచేయదు, దానికి అజ్ట్రియోనాం తోడు కావాలి. మన దేశంలో ఎన్‌డీఎం బాగా ఉంది. 2008లో ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన రోగిలో దొరికిందని ఆ ఊరి పేరు పెట్టారని అప్పట్లో చాలా గొడవైంది. పేరు మీద పడిన ఆ పట్టుదలలో సగమైనా పరీక్షల మీద పెట్టి ఉంటే బాగుండేది. చెన్నైలో కనిపెట్టిన ఎన్మెటజోబాక్టం కలిసిన మందుకు 2024లో అమెరికా అనుమతి వచ్చింది. అదీ ఈఎస్‌బీఎల్‌కే, ఎన్‌డీఎంకు కాదు. ఏ ఎంజైము ఉందో చూడకుండా అంత ఖరీదైన ఇంజెక్షన్ రాస్తే డబ్బూ పోతుంది, మనిషీ పోతాడు.

చేయగలిగిన పని మన చేతిలోనే ఉంది. 1946 నుంచి ఉన్న గుంటూరు మెడికల్ కాలేజీ, బెజవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీ, మధ్యలో మంగళగిరి ఎయిమ్స్. మూడూ ఒకదానికొకటి గంట దూరం. ఈ మూడూ కలిసి, ప్రైవేటు ల్యాబుల నుంచి కూడా పేర్లు లేకుండా ఫలితాలు తీసుకుని, ఈ రెండు ఊళ్లకు ఏటా ఒక యాంటీబయోగ్రామ్ వేయవచ్చు. ఏ బాక్టీరియాకు ఏ మందు నూటికి ఎన్నిసార్లు పనిచేస్తోందో చూపించే పట్టిక అది. కేరళ రాష్ట్రం మొత్తానికి వేస్తోంది. మన రాష్ట్రానికీ కార్యాచరణ ప్రణాళిక ఉంది, అందులోని మాటలు క్లినిక్ బల్ల మీదికి రావాలి. పల్లెలకు ల్యాబు లేదంటారా? టీబీ కఫం డబ్బాలను పీహెచ్‌సీల నుంచి ల్యాబులకు చేరవేసే ఏర్పాటు ఇప్పటికే నడుస్తోంది. బోరిక్ యాసిడ్ వేసిన డబ్బాలో మూత్రం ఒక రోజు దాకా పాడవకుండా ఉంటుంది. అదే బండిలో అదీ వస్తుంది. ఆర్ఎంపీని తిట్టి లాభం లేదు. రాత్రి పదింటికి తలుపు తట్టగలిగేది ఆయన ఇంటికే. ఆయన చేతిలో ఆ డబ్బా పెట్టి, ఇంజెక్షన్‌కు ముందు ఇది నింపించమని చెప్పే మనిషి కావాలి.

అప్పటిదాకా మీరు చేయగలిగినది చెబుతాను. యూరిన్ ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంటే, గర్భిణి అయితే, షుగరు ఉంటే, ఆస్పత్రిలో చేర్చుకుంటుంటే, "మందు మొదలుపెట్టే ముందు కల్చర్‌కి పంపిస్తారా డాక్టరు గారూ?" అని అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుపట్టరు. డబ్బా ల్యాబు ఇచ్చినదే వాడండి, ఇంట్లో కడిగిన సీసా వద్దు. రెండు గంటల్లోపు తెచ్చివ్వండి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి. అప్పటికే ఏదైనా యాంటీబయాటిక్ వేసుకుని ఉంటే దాని పేరు, ఎప్పుడు వేసుకున్నారో ఫారం మీద రాయించండి. పేరు గుర్తులేకపోతే స్ట్రిప్పు తీసుకురండి, మేం చూసుకుంటాం.